లెక్కకు తాత్పర్యం

రాత లెక్కలు నేర్పడానికి బడుల్లోనూ ట్యూషన్లలోనూ తరచుగా వాడే ఉపాయం ఒకటుంది. 'మొత్తం' అని కనిపిస్తే కూడు, 'మిగిలినవి' అంటే తీసెయ్యి, 'చొప్పున' అంటే హెచ్చవెయ్యి, 'పంచితే' అంటే భాగించు. కొందరు టీచర్లు ఈ గుర్తుమాటలను చార్టు మీద రాసి గోడకు అంటిస్తారు, కొందరు తల్లిదండ్రులు హోంవర్క్ చేయించేటప్పుడు వాటి కింద పెన్సిలుతో గీత గీయిస్తారు. రెండు, మూడు తరగతుల్లో ఈ ఉపాయం బాగానే నడుస్తుంది. చాలా లెక్కలకు జవాబు సరిగ్గా వస్తుంది కాబట్టి పిల్లకూ, చెప్పినవాళ్లకూ తృప్తిగానే ఉంటుంది. అయిదో తరగతి దాటాక అదే పిల్ల పుస్తకం ముందు బిక్కమొహం వేస్తే 'లెక్కల్లో వీక్' అనే ముద్ర పడుతుంది. ఈ అధ్యాయంలో నా వాదన ఇది: అలాంటి పిల్లల్లో చాలామందికి కూడికలూ తీసివేతలూ వచ్చు. లెక్కలో ఏం జరుగుతోందో మనసులో చూసుకోవడం రాదు. అలా చూసుకోవలసిన పని లేకుండా చేసింది మనం నేర్పిన ఆ ఉపాయమే.

'చొప్పున' అనే మాటనే తీసుకుని చూడండి. కిలో 40 రూపాయల చొప్పున 3 కిలోల వంకాయలు కొంటే ఎంతవుతుంది? హెచ్చవేయాలి. 24 లడ్డూలను ఒక్కొక్కరికి 4 చొప్పున పెడితే ఎంతమందికి సరిపోతాయి? భాగించాలి. రోజుకు 5 పేజీల చొప్పున చదువుతున్న పిల్లవాడు ఆదివారం మాత్రం 12 పేజీలు చదివాడు, వారంలో చదివినవి ఎన్ని? ఇక్కడ ఆరురోజులకు హెచ్చవేసి, వచ్చినదానికి 12 కలపాలి. మాట ఒక్కటే, చేయవలసిన పనులు మూడు. 'ఎక్కువ' సంగతి ఇంకా ఇబ్బంది. రాజు దగ్గర 12 గోళీలున్నాయి, ఇవి రవి దగ్గర ఉన్నవాటికంటే 5 ఎక్కువ, రవి దగ్గర ఎన్ని? 'ఎక్కువ' కనబడగానే 12కు 5 కలిపి 17 అని రాసే పిల్లలు ఏ తరగతిలో చూసినా కొందరుంటారు. వాళ్ల కూడిక తప్పు కాదు, 12, 5 కలిస్తే 17 అవుతాయి. రవి దగ్గర రాజుకంటే ఎక్కువ ఉండే వీల్లేదని గమనించలేదు, అంతే. గమనించడానికి ముందు రాజూ రవీ ఇద్దరూ మనసులోకి రావాలి కదా. ఆ పిల్ల మనసులోకి వచ్చినవి 12, 5, 'ఎక్కువ' మాత్రమే.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలో హెగార్టీ, మేయర్, మంక్ అనే పరిశోధకులు ఇలాంటి లెక్కలు చదివేటప్పుడు విద్యార్థుల కళ్లు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో యంత్రంతో కొలిచి 1995లో ఫలితాలు ప్రచురించారు. లెక్క తప్పుచేసేవాళ్ల చూపు మళ్లీమళ్లీ అంకెల దగ్గరికీ, 'ఎక్కువ', 'తక్కువ' లాంటి మాటల దగ్గరికీ వెళ్లింది. సరిగ్గా చేసేవాళ్లు తిరిగి చూసినవాటిలో ఎవరి దగ్గర, దేని ధర, దేనికంటే అని చెప్పే పేర్లకు ఎక్కువ చోటుంది. మొదటివాళ్లు అంకెలు ఏరుకుని వాటి మధ్య ఏ గుర్తు పెట్టాలా అని వెతుకుతున్నారు. రెండోవాళ్లు ముందు మనుషులనూ వస్తువులనూ వాటి వాటి చోట్ల నిలబెట్టుకుంటున్నారు. పైగా ఆ ప్రయోగంలో పాల్గొన్నది చిన్నపిల్లలు కాదు, కాలేజీ విద్యార్థులు. చిన్నప్పటి అలవాటు దానంతటదే పోదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఈ అలవాటు ఎంత దూరం పోగలదో ఫ్రాన్సులో చేసిన ఒక పరీక్ష చూపించింది. 1980 ప్రాంతంలో గ్రెనోబుల్ నగరంలోని గణిత విద్యా పరిశోధన సంస్థ వారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఉన్న 97 మంది పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ఓడ మీద 26 గొర్రెలూ 10 మేకలూ ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 76 మంది ఆ రెండంకెలతో ఏదో ఒకటి చేసి జవాబు చెప్పేశారు. ఇది చదివి నవ్వుకోవడం తేలిక. పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం వాళ్లు తెలివితక్కువ పనేమీ చేయలేదు. బడిలో ఇచ్చే ప్రతి లెక్కకూ జవాబు ఉంటుంది, ఇచ్చిన అంకెలన్నీ వాడాలి, ఈవారం నేర్చిన పద్ధతే పనికొస్తుంది, జవాబు రాయకపోతే తిట్లు పడతాయి. అన్నేళ్లు బడిలో కూర్చుని వాళ్లు నేర్చుకున్న నియమాలివి. తీసివేతల పాఠం చివర ఇచ్చే పది రాత లెక్కలూ తీసివేతలే అయినప్పుడు, వాటిని చదవకుండా చేసే పిల్లవాడు తన కష్టం తగ్గించుకుంటున్నాడు. చదవనక్కర్లేదని చెప్పింది అభ్యాసాన్ని అలా అమర్చిన మనం.

మరి ఏం చేయాలి? 'అర్థం చేసుకుని చెయ్యి' అని కసిరితే ప్రయోజనం లేదు. అది సలహా కాదు, విసుగు. అర్థం చేసుకోవడాన్ని చేతికి దొరికే పనిగా మార్చి ఇవ్వాలి. ఆ పని మన తెలుగు వాచకంలోనే ఉంది. పద్యం చదవగానే ఇందులో అలంకారమేది, ఛందస్సేది అని మొదలుపెట్టరు. ముందు తాత్పర్యం సొంతమాటల్లో చెప్పిస్తారు. లెక్కకూ అదే చేయించాలి. అసలు ఒకప్పుడు మన దగ్గర లెక్కలు పద్యాల్లోనే ఉండేవి. మహావీరాచార్యుడి సంస్కృత గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో చెప్పాడు. ఆ పద్యానికి తాత్పర్యం తెలియనివాడు లెక్క మొదలుపెట్టడమే కుదరదు. వచనంలోకి వచ్చాక ఆ మెట్టు ఎగిరిపోయింది. వాక్యాలు తేలిగ్గా ఉన్నాయి కాబట్టి అర్థమయ్యే ఉంటుందని అనుకుంటున్నాం.

తాత్పర్యం చెప్పించడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి మార్గం అంకెలు దాచెయ్యడం. ఒక లెక్కను దగ్గరగా చూద్దాం. 'ఒక రైతు 3 ఎకరాల్లో ఎకరాకు 28 బస్తాల చొప్పున ధాన్యం పండించాడు. తిండికి 9 బస్తాలు ఉంచుకుని, మిగిలినవి బస్తా 1,650 రూపాయల చొప్పున అమ్మాడు. ఎంత డబ్బు వచ్చింది?' దీన్ని పిల్లకు ఇలా చదివి వినిపించండి: 'ఒక రైతు కొన్ని ఎకరాల్లో ధాన్యం పండించాడు. ప్రతి ఎకరానికీ ఇన్నేసి బస్తాలు వచ్చాయి. కొన్ని బస్తాలు తిండికి ఉంచుకున్నాడు, మిగిలినవి అమ్మాడు.' చివరి ప్రశ్న కూడా చెప్పకండి. ఇప్పుడు ఏం జరిగిందో చెప్పమనండి. ఏరుకోవడానికి అంకెలేమీ లేవు కాబట్టి పిల్ల కథే చెప్పాలి. 'పండింది, కొంత ఇంట్లో పెట్టుకున్నారు, కొంత అమ్మారు' అంటుంది. ఇందులో ఏమేం అడగొచ్చు అని అడగండి. ఎన్ని బస్తాలు పండాయి, ఎన్ని అమ్మాడు, డబ్బెంత వచ్చింది అని తనే మూడు ప్రశ్నలు తయారుచేస్తుంది. లెక్కలోని మెట్లు అవే. పుస్తకం అడిగిన ప్రశ్న అప్పుడు చెప్పి, దీనికి జవాబు కావాలంటే ముందు ఏం తెలియాలి అని వెనక్కి నడిపించండి. డబ్బు తెలియాలంటే అమ్మిన బస్తాలు తెలియాలి, అది తెలియాలంటే పండిన బస్తాలు తెలియాలి. ఇంతదాకా వచ్చాక అంకెలు బయటపెట్టండి. 28ని 3తో హెచ్చవేస్తే 84, అందులో 9 పోతే 75, దాన్ని 1,650తో హెచ్చవేస్తే 1,23,750. మిగిలిన పనికి మీ అవసరం ఉండదు.

హెచ్చవేతకు ముందు ఒక చిన్న పని చేయించండి. జవాబు ఉజ్జాయింపుగా ఎంత ఉండొచ్చో నోటితో చెప్పించండి. 28 అంటే ముప్పై దరిదాపు, మూడెకరాలకు తొంభై, తిండిగింజలు పోగా ఎనభై, బస్తా పదహారు వందలు అనుకుంటే లక్షా ఇరవై ఎనిమిది వేలు. ఇప్పుడు సున్నా జారిపోయి 12,375 వచ్చినా, ఒకటి ఎక్కువై 12,37,500 వచ్చినా పిల్లకే అనుమానం వస్తుంది. జవాబు వచ్చాక ఉజ్జాయింపు వేయించడం దండగ. అప్పటికే రాసిన జవాబును సమర్థించుకోవడానికి దాన్ని వాడుకుంటారు.

గోళీల లెక్కలాంటి పోలిక లెక్కలకు అంకెలు దాచితే సరిపోదు, గీత గీయాలి. నోటుబుక్కులో ఒక పొడుగాటి పట్టీ, దాని కింద మరో పట్టీ. 'ఏది ఎవరిది?' అన్నదే అసలు ప్రశ్న. పొడుగుది రాజుది, పొట్టిది రవిది అని పిల్ల పేర్లు రాసిన క్షణంలో లెక్క ముప్పాతిక అయిపోయినట్టే. పొడుగు పట్టీ మీద 12, రెంటికీ మధ్య తేడా దగ్గర 5 రాస్తే పొట్టి పట్టీ ఎంతో కంటికే తెలుస్తుంది. 17 అనే జవాబు ఆ బొమ్మలో ఇమడదు. సింగపూర్‌లో 1980లలో ఖో టెక్ హాంగ్ నాయకత్వంలోని బృందం ఈ పట్టీల పద్ధతిని ప్రాథమిక పాఠ్యపుస్తకాల్లోకి తెచ్చింది, అక్కడి పిల్లలు నేటికీ భిన్నాలూ నిష్పత్తులూ ఇలాగే చేస్తారు. బొమ్మ అంటే గోళీలన్నీ గుండ్రంగా గీసి రంగులు వేయడం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. రాజు జుట్టూ రవి చొక్కా గీసే పిల్లకు బొమ్మ బాగా వస్తుంది, లెక్క రాదు. ఎవరిది పెద్దది, తేడా ఎక్కడుంది అన్నవి తెలిస్తే చాలు.

అడిగే మాట మారితే పిల్లల జవాబు ఎంత మారుతుందో చెప్పే పరిశోధన ఒకటి ఇక్కడ చెప్పాలి. హడ్సన్ అనే పరిశోధకుడు 1983లో ప్రచురించిన ఫలితాలివి. బొమ్మలో కొన్ని పిట్టలు, వాటికంటే తక్కువగా పురుగులు. 'పురుగుల కంటే పిట్టలు ఎన్ని ఎక్కువ?' అని అడిగితే కిండర్‌గార్టెన్ పిల్లల్లో 25 శాతం మందే సరిగ్గా చెప్పారు. అదే బొమ్మ చూపించి, ప్రతి పిట్టా ఒక పురుగును పట్టుకోబోతే ఎన్ని పిట్టలకు పురుగు దొరకదు అని అడిగితే 96 శాతం మంది చెప్పగలిగారు. తీసివేత రెండు చోట్లా ఒకటే. రెండో ప్రశ్నలో ఏదో జరుగుతోంది, మొదటిదాంట్లో ఏమీ జరగడం లేదు. అందుకే 'ఎన్ని ఎక్కువ' దగ్గర పిల్ల ఆగిపోతే తీసివేత మళ్లీ నేర్పక్కర్లేదు. 'రాజూ రవీ జతగా ఒక్కో గోళీ పక్కన పెడుతూ పోతే చివరికి ఎవరి దగ్గర ఎన్ని మిగులుతాయి?' అని ఆ పోలికను ఒక సంఘటనగా మార్చి చెప్పండి. కొన్నాళ్లకు పుస్తకంలోని వాక్యాన్ని పిల్లే అలా మార్చుకుంటుంది.

అభ్యాసాన్ని అమర్చే తీరు కూడా మార్చాలి, అది మార్చకపోతే పైన చెప్పినవన్నీ రెండువారాల ముచ్చటే. ఫ్లోరిడాలో రోరర్, ఆయన సహచరులు 54 ఏడో తరగతి సెక్షన్లలో ఒక పరిశోధన చేసి 2020లో ప్రచురించారు. కొన్ని సెక్షన్ల పిల్లలకు అభ్యాసంలో ఒకేరకం లెక్కలు వరసగా ఇచ్చారు. మిగతా సెక్షన్లకు రకరకాల లెక్కలు కలగలిపి ఇచ్చారు. నెల తర్వాత ముందుగా చెప్పకుండా పరీక్ష పెడితే మొదటి రకం పిల్లల సగటు 38 శాతం, రెండోరకం వాళ్లది 61. కలగలిపి ఇచ్చినప్పుడు ప్రతి లెక్క దగ్గరా ఇది ఏ రకం అని తేల్చుకోక తప్పదు, రాత లెక్కల్లో కష్టమైన పని అదే కదా. దీనికి కొత్త పుస్తకం కొనక్కర్లేదు. భాగహారం పాఠం నడుస్తుంటే అయిదు లెక్కల్లో రెండు పాత పాఠాల నుంచి ఏరి కలపండి. అప్పుడప్పుడూ అక్కర్లేని అంకె ఉన్న లెక్క, జవాబుకు సరిపడా వివరం లేని లెక్క కూడా ఇవ్వండి. 'ఇది చెప్పలేం' అనడం కూడా సరైన జవాబేనని పిల్లకు తెలియాలి.

ఇదంతా వినగానే టీచర్లు అడిగే మొదటి ప్రశ్న టైము గురించి. ఒక్క రైతు లెక్కకే పావుగంట పడితే సిలబస్ ఎప్పుడవుతుందని. న్యాయమైన ప్రశ్నే. ఒక పీరియడులో పన్నెండు లెక్కలు చేయించే చోట ఈ పద్ధతిలో నాలుగు కూడా కావు. అయితే ఆ పన్నెండింటిలో పిల్ల చదివినవి ఎన్నో చూసుకోవాలి. మొదటి లెక్క టీచరు బోర్డు మీద చేశాక మిగతా పదకొండూ అంకెలు మార్చి అదే పని చేయడమైతే, అది గుణకారం అభ్యాసం. రాత లెక్కల అభ్యాసం అందులో ఒక్కటే జరిగింది. గుణకారం అభ్యాసం కావాలంటే ఉత్త గుణకారాలే ఇవ్వండి, త్వరగా అవుతుంది. ఇంకో వెసులుబాటు కూడా ఉంది: అన్ని రాత లెక్కలూ చివరిదాకా చేయించక్కర్లేదు. పది లెక్కలిచ్చి తాత్పర్యం, బొమ్మ, ఉజ్జాయింపు వరకే చేయమనండి. సమాధానం కట్టొద్దని చెబితే మొదట్లో పిల్లలు వింతగా చూస్తారు.

రెండో అభ్యంతరం గట్టిది. తెలివైన పిల్లలకు ఇవన్నీ సరే, వెనకబడినవాళ్లకు గుర్తుమాటలైనా లేకపోతే పాస్ మార్కులు కూడా రావు కదా అంటారు. నా ఉద్దేశంలో జరుగుతున్నది దీనికి తిరగబడి ఉంది. చురుకైన పిల్ల గుర్తుమాటలు నేర్పినా వాటిని పక్కనపెట్టి కథ చూసుకుంటుంది. వాటినే పూర్తిగా నమ్ముకునేది వెనకబడిన పిల్ల, 'కంటే ఎక్కువ' దగ్గర మోసపోయేదీ ఆమే. అలాగని ఆ పిల్లకు ఏ ఆధారమూ ఇవ్వకుండా వదిలెయ్యమని కాదు. అమెరికాలో ఆశా జితేంద్ర, ఆమె బృందం లెక్కల్లో ఇబ్బందిపడే పిల్లలతోనే ఏళ్ల తరబడి పనిచేశారు. లెక్కలో ఏదైనా మారుతోందా, రెండు భాగాలు కలిసి ఒకటవుతున్నాయా, రెంటి మధ్య పోలిక ఉందా అని అల్లికను గుర్తుపట్టి, ఒక్కో అల్లికకు ఒక్కో బొమ్మ గీయడం నేర్పితే మామూలు పద్ధతిలో నేర్చిన పిల్లలకంటే వీళ్లు మెరుగ్గా చేశారు. కాబట్టి ఆధారం ఇవ్వొచ్చు, ఇవ్వాలి. అది వాక్యంలోని ఏదో ఒక మాటకు కాకుండా జరుగుతున్న సంగతికి కట్టుబడి ఉండాలి. ఈ అల్లికల పేర్లు కూడా బట్టీ పట్టించి 'ఇది పోలిక రకం, కాబట్టి తీసివేత' అని చెప్పించడం మొదలైతే మళ్లీ మొదటికే వస్తాం. ఆ ప్రమాదం ఉంది, కాదనను.

ఎక్కాలు రాని పిల్లకు కథ అర్థమై ఏం లాభం అనే మాటలో సగం నిజముంది. ఏడెనిమిదులెంత అని వేళ్లు లెక్కపెట్టే సమయంలో రైతూ బస్తాలూ మనసులోంచి జారిపోతారు. మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగింది కొంచెమే. అందుకని ఎక్కాలు కావాలి. రెండూ ఒకేసారి నేర్పబోతే మాత్రం రెండూ చెడతాయి. ఎక్కాలకు వేరే పది నిమిషాలు పెట్టండి. రాత లెక్క నేర్పేటప్పుడు మొదట్లో 1,650 బదులు 10, 28 బదులు 5 పెట్టండి, లేదా కాలిక్యులేటర్ చేతికివ్వండి. కథ నిలిచాక అసలు అంకెలకు మారవచ్చు.

ఇంగ్లిష్ మీడియం సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో తెలుగు, లంబాడీ, గోండీ లేదా ఉర్దూ మాట్లాడే పిల్ల ఆల్టుగెదర్, ఈచ్, లెఫ్ట్ అనే మాటల మీద వేలాడుతూ లెక్క చేయబోవడం సహజం, మిగతా వాక్యం తనకు అందదు కాబట్టి. గుర్తుమాటల పద్ధతి ఇంత వేళ్లూనుకోవడానికి ఇదో కారణమని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో వస్తున్నాయి. ఆ తెలుగు పేజీని చిన్నతనంగా చూడకుండా వాడుకోండి. తాత్పర్యం ఇంటి భాషలో చెప్పించి, తర్వాత ఇంగ్లిష్ వాక్యం చదివించి, కథలో ఏ ముక్క ఏ వాక్యంలో ఉందో వేలుపెట్టి చూపించమనండి. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాల్లో తరచుగా దీనికి తిరగబడి ఉంటుంది. పిల్లకు ఇంగ్లిష్ నీళ్లప్రాయం, అమ్మమ్మ తెలుగులో చెప్పే లెక్కే తెలియదు. అప్పుడు తాత్పర్యం ఇంగ్లిష్‌లోనే చెప్పించాలి. పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలో.

మరికొందరు అసలు ఈ రాత లెక్కలే కృత్రిమం అంటారు. పిల్లలను బజారుకు పంపితే అవే వస్తాయని వాళ్ల మాట. సగమే ఒప్పుకుంటాను. 2025లో 'నేచర్' పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు ప్రచురించిన అధ్యయనంలో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే 1,436 మంది పిల్లలను పరిశీలించారు. బేరాల్లో చిక్కు లెక్కలను వాళ్లు మనసులోనే చేసేస్తున్నారు. బడిలో ఇచ్చే తరహాలో ఉత్త అంకెలుగా ఇస్తే అంతకంటే తేలికైనవీ చేయలేకపోయారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలను చూస్తే పుస్తకం లెక్క వస్తోంది, బజారు లెక్క రావడం లేదు. అంటే ఒకటి వస్తే రెండోది తనంతట తాను రాదు. రెంటి మధ్యా దారి వేయవలసింది రాత లెక్కే, దాన్ని సరిగ్గా వాడుకుంటే. సరిగ్గా వాడుకోనప్పుడు ఏమవుతుందో అమెరికాలో పదమూడేళ్ల పిల్లలకు 1980ల మొదట్లో జాతీయ పరీక్షలో ఇచ్చిన లెక్క చెబుతుంది. 1,128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? భాగహారం చాలామందికి వచ్చింది. కానీ 29 శాతం మంది '31, శేషం 12' బస్సులని రాశారు, 18 శాతం మంది 31 అని ఆ పన్నెండుగురినీ రోడ్డు మీదే వదిలేశారు, 32 అన్నవాళ్లు 23 శాతమే. అందుకే జవాబును వాక్యంగా రాయించాలి. 'ముప్పై ఒక్క బస్సులూ, శేషం పన్నెండూ కావాలి' అని రాసిన పిల్లకు ఆ వాక్యమే ఎబ్బెట్టుగా తోస్తుంది. ఇక ఆరుగురు కూలీలు పదిరోజుల్లో తవ్వే బావిని అరవైమంది ఒక్కరోజులో తవ్వేస్తారా, అందరూ అందులో పడతారా అని పిల్ల అడిగితే 'పిచ్చి ప్రశ్నలు మానెయ్' అనకండి. సరైన ప్రశ్నే అడిగింది. అందరూ ఒకే వేగంతో, ఒకరికొకరు అడ్డం రాకుండా పనిచేస్తారని అనుకుని ఈ లెక్క చేస్తున్నామని చెప్పి చేయించండి.

పై తరగతులకు వెళ్లాక అంకెల స్థానంలో అక్షరాలు వస్తాయి, జబ్బు మాత్రం అదే. ఈ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు అధ్యాపకులకు ఆరు రెట్లు ఉన్నారు, దీన్ని సమీకరణంగా రాయండి అని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు మొదటి ఏడాది ఇంజనీరింగ్ విద్యార్థులను అడిగారు. 37 శాతం మంది తప్పు రాశారు, ఎక్కువమంది ఆరును విద్యార్థుల పక్కనే పెట్టి. 'ఆరుగురు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు' అని వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు గుర్తుల్లోకి దించేశారు. దీనికి విరుగుడు చిన్నది. అధ్యాపకులు పదిమంది అనుకో, విద్యార్థులెంతమంది? అరవై. ఇప్పుడు నీ సమీకరణంలో పదీ అరవయ్యీ పెట్టి చూడు. ఏ తరగతిలోనైనా సమీకరణం రాసిన వెంటనే ఒక చిన్న సంఖ్యతో ఇలా తడిమి చూసుకునే అలవాటు చేయించండి. ఇంటర్ పిల్లలకు కూడా ఇది నామోషీ కాదు.

లెక్కలు తమకే రావని, పిల్లకేం చెబుతామని జంకే తల్లిదండ్రులు చాలామంది. పైన చెప్పినవాటిలో మీకు లెక్కలు వచ్చి ఉండవలసినవి తక్కువే. అంకెలు దాచి చదవడం, కథ చెప్పమనడం, ఎవరి దగ్గర ఎక్కువ అని అడగడం, జవాబును వాక్యంగా చదివించి వినడం, ఇవన్నీ చదవడం వస్తే ఎవరైనా చేయగలరు. పిల్ల 'కూడాలా, తీసెయ్యాలా?' అని అడిగినప్పుడు జవాబు చెప్పకుండా ఉండటం మాత్రం కష్టం, ముఖ్యంగా రాత్రి తొమ్మిదిగంటలకు, అన్నాల వేళ దాటిపోతుంటే. చెప్పేస్తే ఆ లెక్క అయిపోతుంది, రేపటి లెక్కకు మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. 'ముందు ఏం జరిగిందో చెప్పు' అనండి. చెప్పలేకపోతే ఆ రాత్రికి ఆ లెక్క వదిలేసి, ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందో నోటుబుక్కులో రాసి పంపండి. మీరు చేసిచ్చిన జవాబుకంటే టీచరుకు అది ఎక్కువ ఉపయోగం.

నేర్చింది ఎంతవరకు ఒంటబట్టిందో చూడాలంటే లెక్కను తిరగేసి ఇవ్వండి. '12 లోంచి 5 తీసేస్తే 7' అని రాసి, దీనికి సరిపోయే కథలు మూడు చెప్పమనండి, మూడూ వేరువేరుగా ఉండాలని షరతు పెట్టండి. మొదటిది దాదాపు ఎప్పుడూ తినేసిన కథే: పన్నెండు జామకాయలుంటే అయిదు తినేశాను. రెండోది కూడా పోగొట్టుకోవడమో ఇచ్చెయ్యడమో అయితే, పిల్లకు తీసివేత అంటే పోవడం ఒక్కటే తెలుసునన్నమాట. పోలిక తెలియదు. 'నాకు పన్నెండు, చెల్లికి అయిదు, చెల్లి ఇంకా ఎన్ని తెచ్చుకుంటే నాతో సమానం?' అనేది తెలియదు. ఏ కథ రాలేదో రేపు ఆ రకం లెక్కతో మొదలుపెట్టండి.